ప్రయోగాలు మీ కార్యాలయం నుంచే మొదలుపెట్టండి

పథకాలకు రూపమిచ్చే అధికారులకు, వారికి సలహాలిచ్చే ఆర్థికవేత్తలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. ఈమధ్య ఏ కొత్త పథకం ప్రతిపాదన తిరగేసినా అందులో ఒక వాక్యం తప్పకుండా ఉంటోంది: లబ్ధిదారుల ప్రవర్తనలో మార్పు తీసుకురావాలి. ఆ వెంటనే ఒక పైలట్ ప్రాజెక్టు, రెండు మూడు రకాల ఎస్సెమ్మెస్‌లు, ఒక పోస్టరు, ఆరు నెలల గడువు. మనిషి ప్రతి నిర్ణయమూ లాభనష్టాలు బేరీజు వేసుకునే తీసుకోడని మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్, ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ లాంటివాళ్లు చూపించారు. ఒకరికి 2002లో, మరొకరికి 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. బ్రిటన్ ప్రభుత్వం 2010లో ఏకంగా కేబినెట్ ఆఫీసులోనే ఇందుకోసం ఒక బృందాన్ని పెట్టింది. 2015లో అమెరికా అధ్యక్షుడు ఒబామా ఈ ప్రవర్తనా శాస్త్రాన్ని వాడుకోవాలంటూ ఫెడరల్ శాఖలకు ఉత్తర్వు ఇచ్చారు. ఇదంతా మంచికే. ఊహించి పథకం పెట్టేకన్నా పరీక్షించి పెట్టడం మేలనే పక్షమే నాది. సర్వేలు చేయించి, వాటి లెక్కలు చూసి బతికేవాణ్ణి, మరో పక్షంలో ఎలా ఉంటాను?

నా పేచీ ఒక్కటే. ఈ ప్రయోగాలు అర్జీ పెట్టుకునేవాళ్ల మీద జరుగుతున్నాయి. అర్జీ తీసుకునే కార్యాలయం మాత్రం పరీక్షకు కూర్చోవడం లేదు. ఎవరైనా పథకానికి దూరంగా ఉంటే వాళ్లకు ముందుచూపు లేదని, అలవాటు లేదని, అవగాహన లేదని రాసేస్తున్నాం. ఫారం ఎన్ని పేజీలుందో, ఏ ధ్రువపత్రం కోసం ఎన్నిసార్లు తిరగాల్సి వచ్చిందో ఆ నివేదికలో ఉండదు. కానీ ఈ ఇరవై పాతికేళ్ల ప్రయోగాల్లో గట్టిగా నిలబడ్డవాటిని ఒకచోట పెట్టి చూస్తే, నాకు కనిపించేది వేరు. జనం మనసు మార్చి సాధించినవి తక్కువ. కార్యాలయం తన పద్ధతి మార్చుకుని సాధించినవే ఎక్కువ.

అసలు ప్రయోగం ఎందుకు కావాలి అని ఇప్పటికీ అడిగేవాళ్లు మీలో ఉన్నారని తెలుసు. వాళ్లకోసం హైఫా సంగతి చెప్తాను. ఇజ్రాయెల్‌లోని ఆ నగరంలో పది శిశు సంరక్షణ కేంద్రాలను ఎంచుకుని యూరి గ్నీజీ, ఆల్డో రుస్తిచీనీ చేసిన అధ్యయనం 2000లో అచ్చయింది. సాయంత్రం పిల్లల్ని ఇంటికి తీసుకెళ్లడానికి కొందరు తల్లిదండ్రులు ఆలస్యంగా వస్తున్నారు. ఆరు కేంద్రాల్లో ఆలస్యానికి జరిమానా పెట్టారు. ఏ కమిటీని కూర్చోబెట్టినా చేసే తీర్మానం ఇదే. ఆలస్యాలు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యాయి. అంతకుముందు ఆలస్యమైతే టీచరుకు మొహం చూపించడానికి బిడియం ఉండేది. జరిమానా వచ్చాక, డబ్బు కడుతున్నాం కదా అన్న ధీమా దాని స్థానంలోకి వచ్చిందని పరిశోధకుల వివరణ. మరీ విచిత్రం, జరిమానా ఎత్తేశాక కూడా ఆలస్యాలు పాత స్థాయికి దిగలేదు. జరిమానా లేని నాలుగు కేంద్రాలు పోల్చి చూడటానికి లేకపోయి ఉంటే, ఈ పెరుగుదలకు ఏదో ఒక సాకు వెతికి, జరిమానా ఇంకాస్త పెంచుదామని తీర్మానించేవాళ్లం. ఇంకొక్క సంగతి గమనించండి: అక్కడ పరీక్షకు నిలబడ్డది తల్లిదండ్రుల గుణం కాదు, కేంద్రం పెట్టిన నిబంధన.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీరందరూ ఉదహరించే పదవీ విరమణ పొదుపు అధ్యయనాన్నే తీసుకుందాం. బ్రిజిట్ మాడ్రియన్, డెన్నిస్ షే 2001లో ప్రచురించినది. ఒక అమెరికన్ కంపెనీలో పొదుపు పథకంలో చేరాలంటే ఉద్యోగి ఫారం నింపాలి. కంపెనీ దాన్ని తిరగేసింది. అందరూ చేరినట్టే లెక్క, వద్దనుకున్నవాళ్లు చెప్పి బయటికి రావచ్చు. కొత్త ఉద్యోగుల్లో చేరినవాళ్లు 49 శాతం నుంచి 86 శాతానికి పెరిగారు. ఎవరికీ పొదుపు పాఠాలు చెప్పలేదు. మారింది కంపెనీ కాగితం. ఇంతవరకు మీ ప్రెజెంటేషన్లలో ఉంటుంది. దాని రెండో సగం మాత్రం స్లైడుల్లో కనబడదు. జీతంలో 3 శాతం అని కంపెనీ ముందే వేసిపెట్టిన అంకె దగ్గరే, అది ఎంచిన ఫండులోనే చాలామంది ఉండిపోయారు. సొంతంగా చేరితే అంతకన్నా ఎక్కువ దాచుకుని ఉండేవాళ్లు కూడా అక్కడే ఆగిపోయారు. అంటే ఆ గడిలో 3 అని వేసిన వ్యక్తి, తనకు తెలియకుండానే, ఎంతోమంది ముసలితనపు రాబడిని తేల్చేశాడు. డిఫాల్ట్ అంకె, అంటే ఎవరూ ఏమీ చెప్పకపోతే దానంతటదే ఖాయమయ్యే అంకె, ఎంత ఉండాలన్న చర్చకు మీ సమావేశాల్లో ఎన్ని నిమిషాలు దొరుకుతాయో మీకే తెలియాలి. పైగా తర్వాత వచ్చిన దీర్ఘకాల అధ్యయనాలు చూస్తే, ఈ మార్పు వల్ల పెరిగిన పొదుపు మొదట అనుకున్నంత పెద్దది కాదు. ఉద్యోగం మారినప్పుడు డబ్బు తీసేసుకునేవాళ్లు ఉంటారు. ఫారం నింపాల్సిన చోట కూడా ఆలస్యంగానైనా చేరేవాళ్లు ఉంటారు. మొదటి ఏడాది అంకెలు చూసి చంకలు గుద్దుకుంటే వచ్చే చిక్కు ఇదే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ కాలేజీ ఫీజు సాయానికి సంబంధించినది. అమెరికాలో తక్కువ రాబడి కుటుంబాల పిల్లలు కాలేజీకి ఆర్థిక సాయం పొందాలంటే అప్పట్లో ప్రభుత్వానికి ఒక పొడవాటి ఫారం నింపాల్సి వచ్చేది. అందులో అడిగే వివరాల్లో చాలాభాగం ఆ కుటుంబం పన్ను రిటర్నులో అప్పటికే ఉండేవి. ఎరిక్ బెటింగర్, ఆయన సహచరులు ఒక ప్రయోగం చేసి 2012లో ప్రచురించారు. పన్ను రిటర్నులు వేసిపెట్టే హెచ్ అండ్ ఆర్ బ్లాక్ కార్యాలయాలకు వచ్చిన కుటుంబాల్లో లాటరీ పద్ధతిలో కొన్నింటిని ఎంచి, అక్కడి ఉద్యోగుల చేతే అదే కుర్చీలో, అదే కంప్యూటర్లో ఆ ఫారం కూడా నింపించారు. నిమిషాల పని. ఇంకో గుంపుకు, మీకు ఇంత సాయం రావచ్చు, ఫలానా కాలేజీల ఫీజు ఇంత అని సమాచారం మాత్రం ఇచ్చి పంపారు. ఫారం నింపిపెట్టిన కుటుంబాల్లో, హైస్కూలు చివరి ఏడాదిలో ఉన్న పిల్లల్లో రెండేళ్ల కాలేజీ చదువు పూర్తిచేసినవాళ్లు 28 శాతం నుంచి 36 శాతానికి పెరిగారు. సమాచారం మాత్రమే అందుకున్న గుంపులో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు.

ఈ రెండు గుంపుల మధ్య తేడాను కాసేపు ఆగి చూడమని మనవి. పిల్లల్ని చదివించాలన్న కోరిక రెండు గుంపుల్లోనూ ఒకటే. తెలివీ ఒకటే. ఒకరికి ఫారం అడ్డు తొలగింది, ఇంకొకరికి కరపత్రం దక్కింది. ఇంత స్పష్టంగా తేలాక కూడా వ్యవస్థ ఎటు వెళ్లిందో తెలుసా? ఎస్సెమ్మెస్‌ల వైపు, ఈమెయిళ్ల వైపు. ఫారం నింపండి, గడువు దగ్గరపడుతోంది అంటూ ఎనిమిది లక్షల మందికి పైగా విద్యార్థులకు సందేశాలు పంపిన పెద్ద ప్రచారాల ఫలితాలు 2021లో అచ్చయ్యాయి. కాలేజీలో చేరేవాళ్ల సంఖ్యలో కదలిక లేదు. చిన్న చిన్న ప్రయోగాల్లో బాగా పనిచేసినట్టు కనిపించిన సందేశమే దేశమంతటా పంపితే నిశ్శబ్దం. చివరకు ఫారాన్ని కుదించడానికి 2020లో చట్టం చేశారు. దాని ప్రకారం తయారైన కొత్త ఫారం 2023 డిసెంబరు చివర్లో, ఆలస్యంగా, సాంకేతిక లోపాలతో వచ్చి లక్షలమందిని ఇబ్బంది పెట్టింది. దెబ్బ తిన్నాక, మరుసటి ఏడాది ఫారాన్ని ముందు కొద్దిమందితో పరీక్షించి విడతలవారీగా విడుదల చేశారు. విద్యార్థుల ప్రవర్తన మీద అన్ని పరీక్షలు జరిగిన చోట, ఫారాన్ని పరీక్షించాలన్న ఆలోచన అంత ఆలస్యంగా రావడం చూస్తే నాకు నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది.

న్యూయార్క్ నగరం కథ కొంత నయం. చిన్న ఉల్లంఘనలకు పోలీసులు రాసిచ్చే సమన్ల మీద కోర్టు తేదీకి హాజరుకానివాళ్లకు వారంటు వస్తుంది. రానివాళ్లంతా లెక్కలేనితనంతో ఎగ్గొడుతున్నారని మామూలు అభిప్రాయం. పరిశోధకులు సమన్ల కాగితాన్నే మార్పించారు. తేదీ, చోటు, రాకపోతే ఏమవుతుంది అన్నవి పైభాగంలో స్పష్టంగా పెట్టారు. హాజరుకానివాళ్లు 13 శాతం తగ్గారు. మరో ప్రయోగంలో, తేదీ గుర్తుచేసే మెసేజీలు గైర్హాజరును 21 శాతం తగ్గించాయి. 2020లో సైన్స్ పత్రికలో వచ్చిందిది. ఎస్సెమ్మెస్ ఎక్కడా పనికిరాదని నేను అనడం లేదు. మరిచిపోవడమే అడ్డయిన చోట గుర్తుచేస్తే చాలు. ఫారమే అడ్డయిన చోట గుర్తుచేయడం వేధింపు. ఆ అధ్యయనంలోనే ఇంకో ముక్క ఉంది. కోర్టుకు రాకపోవడాన్ని మామూలు మనుషులు, ఇతర మతిమరుపులకన్నా ఎక్కువగా, కావాలని చేసిన పనిగా చూస్తారట. అలా చూసినవాళ్లు కాగితం మార్చడానికి కాక శిక్షలు పెంచడానికే మొగ్గుతారు. సమావేశ మందిరాల్లో ఈ మొగ్గు నేనూ చూశాను.

అంకెల సంగతి కొంచెం మాట్లాడాలి, ఎందుకంటే ఆర్థిక శాఖకు పంపే ప్రతిపాదనల్లో మీరు వాడే అంకెలు చాలావరకు పత్రికల్లో అచ్చయిన అధ్యయనాలవి. స్టెఫానో డెల్లావిన్యా, ఎలిజబెత్ లినోస్ 2022లో ఒక పని చేశారు. అమెరికాలోని రెండు పెద్ద నడ్జ్ బృందాలు (జనాన్ని బలవంతపెట్టకుండా చిన్న చిన్న మార్పులతో మంచి ఎంపిక వైపు మళ్లించేవి) ప్రభుత్వాలతో కలిసి చేసిన ప్రయోగాలను, విజయాలూ వైఫల్యాలూ ఏదీ వదలకుండా, తీసుకున్నారు. 126 ప్రయోగాలు, రెండు కోట్ల ముప్ఫై లక్షల మంది. ఆశించిన పని చేసినవాళ్ల వాటా సగటున పెరిగింది 1.4 శాతం పాయింట్లు. అదే రకం ప్రయోగాలకు విద్యాసంబంధ పత్రికల్లో అచ్చయిన సగటు 8.7. తేడాకు ప్రధాన కారణం, పనిచేయనివి అచ్చుకాకుండా సొరుగుల్లో ఉండిపోవడం. దాదాపు ఖర్చులేకుండా ఉత్తరంలో రెండు వాక్యాలు మార్చి 1.4 సాధిస్తే అది చిన్న విషయమేమీ కాదు, నేను దాన్ని తక్కువ చేయను. కానీ 8.7 వస్తుందని రాసి నిధులు తెచ్చుకున్న పథకం 1.4 దగ్గర ఆగితే, మూడో ఏడు శాసనసభలో ఎవరో లేచి ఈ శాస్త్రమంతా మోసమంటారు. అప్పుడు పరీక్షించి చూసే అలవాటే పోతుంది. నా భయం అది.

పైలట్ ఎక్కడ చేస్తారన్నది దీనికి అనుబంధం. మీ పొరుగువాళ్లకన్నా మీరు ఎంత కరెంటు వాడుతున్నారో చెప్పే ఉత్తరాలను ఓపవర్ అనే కంపెనీ అమెరికా అంతటా విద్యుత్ సంస్థల ద్వారా పంపించింది. 111 చోట్ల ప్రయోగాలు జరిగాయి. హంట్ ఆల్కాట్ వాటన్నిటినీ కలిపి చూసి 2015లో తేల్చింది ఏమిటంటే, మొదటి పదిచోట్ల వచ్చిన ఫలితాలు తర్వాతి 101 చోట్ల వచ్చేవాటిని చాలా ఎక్కువగా అంచనా వేశాయి. ముందుగా చేయెత్తి వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉత్సాహం ఉన్నవాళ్లే. మీరు కూడా పైలట్‌కు చురుకైన అధికారి ఉన్నచోటునే ఎంచుకుంటారు కదా. కెన్యాలో ఇంకా సూటిగా తేలింది. ఒప్పంద పద్ధతిలో అదనపు ఉపాధ్యాయుణ్ణి నియమిస్తే పిల్లల చదువు మెరుగవుతుందని ముందటి ప్రయోగాలు చెప్పాయి. అదే పథకాన్ని కొన్నిచోట్ల స్వచ్ఛంద సంస్థ చేత, కొన్నిచోట్ల ప్రభుత్వం చేత, లాటరీ వేసి, నడిపించారు. స్వచ్ఛంద సంస్థ నడిపిన బడుల్లో మార్కులు పెరిగాయి. ప్రభుత్వం నడిపిన చోట ప్రభావం సున్నా. పిల్లలూ అదే దేశంవాళ్లు, ఉపాధ్యాయుల నియామక పద్ధతీ అదే. మారింది నడిపే యంత్రాంగం. 2018లో వచ్చిన ఈ అధ్యయనాన్ని పైలట్ ఫైలు తయారుచేసే ప్రతి ఒక్కరి చేతా చదివించాలి.

అచ్చయిన ప్రతిదీ నమ్మడం గురించి ఒక్క మాట. ఫారం చివర కాకుండా పైన సంతకం పెట్టిస్తే జనం నిజం చెబుతారని 2012లో ఒక పత్రం వచ్చింది. ఎంత చవకైన చిట్కా! చాలా సలహాపత్రాల్లోకి ఎక్కింది. 2020లో ఆ రచయితలే మరికొందరితో కలిసి మళ్లీ పరీక్షిస్తే ఫలితం రాలేదు. 2021లో, అందులోని కారు బీమా డేటా కల్పితమని బయటపడి, పత్రాన్ని ఉపసంహరించారు. ఇంతకన్నా వ్యాఖ్యానం అక్కర్లేదు.

కార్యాలయాన్ని పరీక్షించమంటే మీకు కొత్తగా అనిపించవచ్చు గానీ, ఆ పని ఇదివరకే కొంత జరిగింది. ప్రపంచ బ్యాంకు తన 2015 ప్రపంచాభివృద్ధి నివేదిక కోసం సొంత ఉద్యోగుల మీదే ప్రయోగాలు చేసుకుంది. ఒకే పట్టికలోని అంకెలను కొందరికి చర్మానికి రాసుకునే క్రీముకు సంబంధించినవని, మరికొందరికి కనీస వేతన చట్టాలకు సంబంధించినవని చెప్పి ఇచ్చారు. క్రీము అన్నప్పటికన్నా కనీస వేతనం అన్నప్పుడు ఎక్కువమంది తప్పు చదివారు. ముందే ఉన్న అభిప్రాయం అంకెకు అడ్డువచ్చింది. ఇంకోటి: టీకాలు వేయించుకుంటే సంతానం కలగకుండా పోతుందని నైరోబీ పేదల్లో ఎక్కువమంది అనుకుంటారని 42 శాతం ఉద్యోగులు ఊహించారు. అడిగి చూస్తే, అలా అనుకుంటున్న పేదలు 11 శాతమే. జనానికి అవగాహన లేదని రాసే చేతికి జనం గురించి ఉన్న అవగాహన ఇదన్నమాట. తమ ఉద్యోగుల పొరపాట్లను తామే అచ్చువేసిన ఆ ధైర్యాన్ని మాత్రం మెచ్చుకోవాలి. మీ శాఖలో అలాంటి పరీక్ష ఒకటి పెడితే నేను ఉచితంగా వచ్చి లెక్కలు చూసిపెడతాను.

2019లో డేవిడ్ హాగ్‌మన్, ఎమిలీ హో, జార్జ్ లోవెన్‌స్టైన్ ప్రచురించిన ఆరు ప్రయోగాలు కూడా మీకు సంబంధించినవే. వాటిలో ఒకటి విధాన రూపకల్పనలో ఉన్నవాళ్లతోనే చేశారు. కాలుష్యం తగ్గించడానికి బొగ్గు, పెట్రోలు లాంటి ఇంధనాల మీద వేసే కర్బన పన్ను ఒక్కదాన్నే ముందుపెడితే మద్దతు ఎక్కువ. దాని పక్కన, పర్యావరణానికి మేలుచేసే కరెంటును డిఫాల్ట్‌గా ఇవ్వడమనే చిన్న మార్పును కూడా పెడితే పన్నుకు మద్దతు తగ్గింది. నొప్పిలేని చిన్న ఉపాయం చేతికి దొరికితే, నొప్పి ఉన్న పెద్ద పని వాయిదా పడుతుంది. అవయవదానంలోనూ ఇదే చూస్తున్నాం. సమ్మతి ఉన్నట్టే భావించే ఆస్ట్రియాలో 99.98 శాతం, అడిగి నమోదు చేసుకునే జర్మనీలో 12 శాతం అని 2003లో వచ్చిన లెక్క అందరికీ కంఠతా వచ్చు. అది సమ్మతి లెక్క, జరిగిన దానాల లెక్క కాదు. దానాల్లో ఏళ్లతరబడి ముందున్న స్పెయిన్‌లో చట్టం డిఫాల్ట్ పద్ధతిలో ఉన్నమాట నిజమే గానీ, ఆచరణలో ప్రతిసారీ కుటుంబాన్ని అడుగుతారు. అక్కడ పని నడిపింది 1989లో పెట్టిన జాతీయ సంస్థ, ఆస్పత్రుల్లో శిక్షణ పొందిన సమన్వయకర్తలు. గడి మార్చడం సులువు, సమన్వయకర్తను పెట్టి జీతమివ్వడం ఖర్చు. మీ ఫైళ్లలో ఏది ముందు కదులుతుందో చెప్పనక్కర్లేదు.

నైతికత విషయంలో కూడా పరీక్ష మీ వైపునుంచే మొదలవాలి. నైరోబీ పేదవాడల్లో నీటి బిల్లులు కట్టని ఇంటి యజమానులకు నీళ్లు ఆపేస్తామని నోటీసులిచ్చి, ఆపేసి, ఫలితం కొలిచిన ప్రయోగం మీద 2020లో పెద్ద దుమారం లేచింది. బిల్లు యజమానిది, దాహం అద్దెకున్నవాళ్లది. దీనికి ఎదురుగా మెక్సికోను చూడండి. 1997లో ప్రోగ్రెసా నగదు పథకాన్ని అందరికీ ఒకేసారి ఇచ్చే స్తోమత లేక, అధ్యయనానికి ఎంచిన 506 గ్రామాల్లో 320కి ముందు, 186కి తర్వాత ఇచ్చారు. ఎవరు ముందన్నది లాటరీ తేల్చింది. నిధులు చాలనప్పుడు ఎలాగూ కొందరు ఆగాల్సిందే. పలుకుబడి బదులు చీటీ తీస్తే న్యాయమూ జరుగుతుంది, లెక్కా తేలుతుంది. ఆ లెక్క గట్టిగా ఉండబట్టే 2000లో ప్రభుత్వం మారినా పథకం పేరు మార్చుకుని నిలబడింది.

కాబట్టి నేను అడిగేవి పెద్ద కోరికలేమీ కావు. జనానికి సందేశాలు పంపే పైలట్‌కు డబ్బు మంజూరు చేసేముందు, అదే పథకం ఫారంలో ఏ గడి తీసేయవచ్చో, ఏ ధ్రువపత్రం ప్రభుత్వం దగ్గర ఇదివరకే ఉందో పరీక్షించే పైలట్ జరిపించండి. ఫారం కుదించిన కార్యాలయాలు కొన్ని, కుదించనివి కొన్ని, చీటీలు తీసి. నడిపేది మామూలు సిబ్బందే కావాలి, సలహా సంస్థ తెచ్చిన ప్రత్యేక బృందం కాదు. ఏం కొలవబోతున్నారో, ఎంత తేడా వస్తే పథకం విస్తరిస్తారో, రాకపోతే ఏం చేస్తారో మొదలుపెట్టకముందే రాసి బయటపెట్టండి. చివరి షరతు దగ్గరే ఎక్కువమంది వెనక్కి తగ్గుతారని తెలుసు. పైలట్ విఫలమైతే దాన్ని మొదలుపెట్టిన అధికారికి చెడ్డపేరు రాకుండా చూడటం మీ పైవాళ్ల బాధ్యత. అది లేకుండా నిజం రాయమని కింది ఉద్యోగిని అడగడం అన్యాయం.

ముందుగా చేయగల పని ఒకటుంది, దానికి కొత్త నిధులు కూడా అక్కర్లేదు. ఇప్పటిదాకా మీ శాఖలు నడిపిన పైలట్ ప్రాజెక్టుల ముగింపు నివేదికలు, ఫలితం రానివి సహా, ఏ తేదీలోగా ప్రజల ముందు పెడతారో బహిరంగంగానే జవాబివ్వండి.

ఇట్లు,
సర్వేల పనిలో ఉన్న ఒక పౌరుడు